రెండో విడత జుట్టు మార్పిడి అవసరమా: ఒత్తును తేల్చే లెక్కలు, కంటిని తికమక పెట్టే వెలుతురు

హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం నగరాల్లో హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్ క్లినిక్‌ల బోర్డులు ఇప్పుడు మామూలు దృశ్యం. సెలవులకు అమెరికా నుంచో గల్ఫ్ నుంచో వచ్చి, పెళ్లిచూపులకు ముందో తరువాతో ఈ పని కూడా చూసుకుని వెళ్లేవారూ ఉన్నారు. కాన్పూర్‌లో జుట్టు మార్పిడి చేయించుకున్న ఇద్దరు ఇంజనీర్లు మరణించిన ఉదంతం 2025లో వెలుగులోకి వచ్చాక, ఈ ఆపరేషన్ ఎంతవరకు సురక్షితం, ఎవరు చేయాలి అన్న చర్చ గట్టిగానే జరిగింది. అంతగా చర్చకు రాని ప్రశ్న మరొకటి ఉంది. ఆపరేషన్ క్షేమంగా ముగిసి, ఏడాది గడిచి, జుట్టు మొలిచిన తరువాత కూడా అద్దంలో మాడు కనిపిస్తూ ఉంటే, అది ఆపరేషన్ విఫలమైనట్టా, లేక ఫలితం అంతేనా? మరో వెయ్యి గ్రాఫ్ట్‌లు వేయిస్తే ఆ లోటు తీరుతుందా?

ఈ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు దొరకదు. ‘ఒత్తు చాలలేదు’ అనే ఒకే ఫిర్యాదు వెనుక ఒకదానితో ఒకటి పొంతన లేని కారణాలు ఉంటాయి. వాటిలో కొన్నింటికే రెండో ఆపరేషన్ పరిష్కారం. కొన్నింటికి అది నష్టం కూడా. ఈ తేడా తెలియాలంటే ముందు కొలతల సంగతి తెలియాలి.

గ్రాఫ్ట్ వేరు, వెంట్రుక వేరు

తల మీద వెంట్రుకలు చాలావరకు విడివిడిగా మొలవవు. ఒకటి నుంచి నాలుగు వెంట్రుకలు ఒక చిన్న గుంపుగా, ఒకే రంధ్రంలోంచి వచ్చినట్టు పైకి వస్తాయి. ఈ గుంపును వైద్యులు ఫాలిక్యులర్ యూనిట్ అంటారు. తల వెనుక నుంచి దానిని కుదుళ్లతో సహా బయటికి తీశాక గ్రాఫ్ట్ అని పిలుస్తారు. తల వెనుక చర్మాన్ని సన్నని పట్టీలా కోసి, మైక్రోస్కోప్ కింద గ్రాఫ్ట్‌లుగా విడదీసే పద్ధతి ఎఫ్‌యూటీ. సుమారు ఒక మిల్లీమీటరు, అంతకంటే తక్కువ వ్యాసం ఉన్న గుండ్రటి పంచ్‌తో ఒక్కొక్క గ్రాఫ్ట్‌నూ విడిగా తీసే పద్ధతి ఎఫ్‌యూఈ. ఏ పద్ధతిలో తీసినా నాటేది ఒకటే.

క్లినిక్‌లు బిల్లు వేసేదీ, మిత్రులు పోల్చుకునేదీ గ్రాఫ్ట్‌ల సంఖ్యతోనే. తలను కప్పేది మాత్రం వెంట్రుక. ఒక గ్రాఫ్ట్‌లో సగటున రెండు, లేదా అంతకు కొద్దిగా ఎక్కువ వెంట్రుకలు ఉంటాయి కానీ ఈ సగటు మనిషికీ మనిషికీ మారుతుంది. ఇద్దరు వ్యక్తులు చెరో 2,500 గ్రాఫ్ట్‌లు వేయించుకున్నారనుకుందాం. మొదటివారి సగటు 2.3 అయితే ఆయన తల మీదికి 5,750 వెంట్రుకలు చేరతాయి. రెండోవారి సగటు 1.7 అయితే 4,250 మాత్రమే చేరతాయి. బిల్లు ఒకటే, తేడా 1,500 వెంట్రుకలు. రెండు వెంట్రుకల గ్రాఫ్ట్‌ను రెండుగా చీల్చి లెక్క పెంచే క్లినిక్‌ల మీద విమర్శ వచ్చేది ఇందుకే. అయితే నుదుటి అంచు సహజంగా కనిపించాలంటే అక్కడ ఒంటి వెంట్రుక గ్రాఫ్ట్‌లే నాటాలి కాబట్టి, చీల్చినంత మాత్రాన మోసం అనుకోనవసరం లేదు.

లావు మరీ ముఖ్యం. వెంట్రుక ఆక్రమించే పరిమాణం దాని వ్యాసం మీద కాదు, వ్యాసం వర్గం మీద ఆధారపడుతుంది. 60 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వెంట్రుకతో పోలిస్తే 80 మైక్రాన్ల వెంట్రుక చూడటానికి మూడోవంతు మాత్రమే ఎక్కువ లావు. అయినా అది ఇచ్చే నిండుదనం దాదాపు 1.8 రెట్లు. పీచులాంటి సన్నని జుట్టు ఉన్నవారికి 3,000 గ్రాఫ్ట్‌లు ఇవ్వలేని నిండుదనాన్ని ముదురు జుట్టు ఉన్నవారు 2,000 గ్రాఫ్ట్‌లతో పొందడం అందువల్లనే. దీనికి వంపు, రంగు కూడా తోడవుతాయి. అలలు తిరిగిన జుట్టు నిటారు జుట్టు కంటే ఎక్కువ కప్పుతుంది. నల్లని జుట్టు తెల్లని చర్మం మీద ఉంటే మధ్యలోని ఖాళీలు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, చామనచాయ చర్మం మీద అంతగా కనిపించవు. ఈ ఒక్క విషయంలో తెలుగువాళ్లలో చాలామందికి కొంత అనుకూలతే ఉంది.

సహజమైన ఒత్తులో సగం ఎందుకు సరిపోతుంది

ఆరోగ్యంగా ఉన్న తల మీద చదరపు సెంటీమీటరుకు సుమారు 65 నుంచి 85 ఫాలిక్యులర్ యూనిట్లు ఉంటాయి. వాటిలో దాదాపు సగం పోయేదాకా పలచబడినట్టు మామూలు కంటికి తెలియదు. ‘పోయిన నెల దాకా బాగానే ఉంది, ఒక్కసారిగా పలచబడింది’ అని చాలామంది అనడంలో అబద్ధం లేదు. ఏళ్ల తరబడి సాగిన నష్టం ఆ నెలలో కంటికి ఆనే గీత దాటింది, అంతే.

జుట్టు మార్పిడి ఈ గీత మీదనే ఆధారపడి నడుస్తుంది. పోయిన జుట్టునంతా తిరిగి తేవడం దాని లక్ష్యం కాదు. ముందు భాగంలో చదరపు సెంటీమీటరుకు 35 నుంచి 45 గ్రాఫ్ట్‌లు పడితే, మనిషికీ మనిషికీ మధ్య మాట్లాడుకునే దూరంలో అది నిండు జుట్టులాగే కనిపిస్తుంది. వాన తడిపినప్పుడో, నేరుగా నెత్తి మీద లైటు పడినప్పుడో మాడు కనిపించడం అక్కడ లోపం కాదు. లెక్క ప్రకారం అలాగే కనిపించాలి.

ఇంతకంటే ఎక్కువ ఎందుకు పెట్టరు అన్నదానికి జవాబు కూడికలోనే దొరుకుతుంది. బట్టతల దశలను వర్ణించడానికి వైద్యులు వాడే నార్‌వుడ్ కొలమానం 1975లో ఇప్పటి రూపానికి వచ్చింది. అందులో ఆరో దశకు చేరినవారికి నుదుటి నుంచి సుడి దాకా ఖాళీ అయిన వైశాల్యం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు అనుకుందాం. అక్కడ ఒకప్పుడు చదరపు సెంటీమీటరుకు 75 చొప్పున 15,000 యూనిట్లు ఉండేవి. తల వెనుక నుంచి జీవితకాలం మొత్తంలో సురక్షితంగా తీయగలిగినవి చాలామందికి ఆరు వేల ప్రాంతంలో, బాగా ఒత్తుగా ఉన్నవారికి ఎనిమిది వేల దాకా ఉంటాయి. ఆరు వేలను 200తో భాగిస్తే 30 వస్తుంది. అందుకే అనుభవం ఉన్న సర్జన్ వాటిని సమానంగా పంచరు. నుదుటి వైపు 60 చదరపు సెంటీమీటర్లకు 40 చొప్పున 2,400, నడినెత్తిన 70 చదరపు సెంటీమీటర్లకు 30 చొప్పున 2,100, సుడి దగ్గర మిగిలిన 70కి 20 చొప్పున 1,400 పెడతారు. మొత్తం 5,900. సుడి దగ్గర పలచగా ఉందని బాధపడే వ్యక్తి నిజానికి ఈ పంపకం ఫలితాన్ని చూస్తున్నారు.

నారుమడిలోంచి నారు పీకి పొలంలో నాటినట్టే ఇక్కడా కుదుళ్లను తీసి నాటుతారు. కాకపోతే ఈ నారుమడిలో మళ్లీ విత్తనం చల్లే వీలు లేదు. తీసిన చోట కొత్త గ్రాఫ్ట్ పుట్టదు.

ఏడాది లోపు ఇచ్చే తీర్పు ఎందుకు చెల్లదు

నాటిన వెంట్రుకలు రెండు మూడు వారాల నుంచి రాలడం మొదలవుతుంది. కుదురు లోపలే ఉండి, పైనున్న కాడ మాత్రం ఊడిపోతుంది. పక్కనున్న పాత జుట్టు కూడా ఆపరేషన్ తాకిడికి కొంత రాలవచ్చు. దీనిని షాక్ లాస్ అంటారు. రెండో నెలలో తల ఆపరేషన్‌కు ముందున్నదానికంటే ఘోరంగా కనిపించడం అరుదేమీ కాదు. మూడు, నాలుగు నెలలకు సన్నని మొలకలు వస్తాయి. వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, నాలుగో నెలలో మొలిచినది ఆరో నెలకు రెండు సెంటీమీటర్లే ఉంటుంది. పైగా అన్నీ ఒకేసారి మొలవవు. ఆరు నెలలకు తుది ఫలితంలో సుమారు సగం, తొమ్మిది నెలలకు అధిక భాగం, పన్నెండు నెలలకు దాదాపు అంతా కనిపిస్తుంది. సుడి ప్రాంతం అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది, పదిహేను నుంచి పద్దెనిమిది నెలల దాకా పట్టవచ్చు. మొదట మొలిచిన వెంట్రుక సన్నగా, కొంచెం మెలి తిరిగి ఉండి, తరువాతి నెలల్లో ముదురుతుంది.

ఈ కాలక్రమం వల్ల రెండు చిక్కులు వస్తాయి. ఏడో నెలలోనే ‘ఇంకో విడత వేయిద్దాం’ అనుకునేవారు ఇంకా రావలసిన జుట్టును లెక్కలోకి తీసుకోవడం లేదు. ఏ ఫిర్యాదుకైనా ‘ఇంకా ఆగండి’ అనే జవాబుతో నెట్టుకొచ్చే క్లినిక్‌కు ఇదే కాలక్రమం మంచి సాకు కూడా. ఎనిమిది, తొమ్మిది నెలలు గడిచినా ఒక పక్కన బాగా మొలిచి, మరో పక్కన అరచేతిలో సగమంత మేర మొలకే లేకపోతే, అది సమయం సమస్య కాకపోవచ్చు. అలాంటి ఖాళీని అప్పుడే పరీక్ష చేయించడంలో తొందరపాటు ఏమీ లేదు.

కెమెరా చూసేది, దువ్వెన చూసేది

ప్రకటనల్లో కనిపించే ముందు, తరువాత ఫోటోల జతను కాస్త నిదానంగా చూడాలి. మొదటి ఫోటోలో జుట్టు తడిగా, పొట్టిగా, వెనక్కి దువ్వి ఉంటుంది. తల కెమెరా వైపు వంచి ఉంటుంది. ఫ్లాష్ నేరుగా మాడు మీద పడుతుంది. రెండో ఫోటోలో జుట్టు పెరిగి, ఆరి, డ్రయ్యర్‌తో పైకి లేచి, ముందుకు దువ్వి ఉంటుంది. వెలుతురు పక్క నుంచి మెత్తగా పడుతుంది. ఒక్క గ్రాఫ్ట్ నాటకపోయినా ఈ రెండు ఫోటోల మధ్య తేడా కనిపిస్తుంది.

సొంత బాత్‌రూములో దీనికి తలకిందులుగా జరుగుతుంది. తలంటుకున్న వెంటనే, నెత్తి మీదున్న ఎల్‌ఈడీ బల్బు కింద, అద్దానికి జానెడు దూరంలో నిలబడి చూసుకుంటే, ఇరవై ఏళ్ల కుర్రవాడి తలలో కూడా మాడు కనిపిస్తుంది. తడిసిన వెంట్రుకలు జడలుగా అతుక్కుని మధ్యలో దారులు వదులుతాయి. అందువల్ల తమ ఫలితాన్ని తామే తక్కువగా అంచనా వేసుకునేవారి మాటలోనూ నిజం ఉంటుంది, ‘బ్రహ్మాండంగా వచ్చింది’ అనే బంధువుల మాటలోనూ నిజం ఉంటుంది. చూసిన వెలుతురు వేరు.

పోలికకు పనికొచ్చేది ఒకే గదిలో, ఒకే బల్బు కింద, ఒకే దూరం నుంచి, జుట్టు ఒకే పొడవున్నప్పుడు తీసిన ఫోటో. పొడిగా ఒకటి, తడిపి ఒకటి, పాపిడి మధ్యకు తీసి ఒకటి ఉంటే ఇంకా మేలు. ఆపరేషన్‌కు ముందు అలాంటి ఫోటోలు లేకపోతే ఆ తరువాత జరిగే వాదన అంతా జ్ఞాపకాల మీద నడుస్తుంది, జ్ఞాపకం ఎప్పుడూ పాత బట్టతలను కొంత తగ్గించే చూపిస్తుంది. వైద్యుల దగ్గర దీనికి ట్రైకోస్కోపీ అనే పరీక్ష ఉంది. చర్మానికి ఆనించే చిన్న కెమెరా కింద చదరపు సెంటీమీటరులో ఎన్ని యూనిట్లు ఉన్నాయి, ఒక్కో దానిలో ఎన్ని వెంట్రుకలు, వాటి లావు ఎంత అనేది తెర మీద కనిపిస్తుంది. నాటిన వెంట్రుకలు ముదురుగా, ఒకే లావులో ఉంటాయి. వాటి మధ్య నూలుపోగుల్లా సన్నబడిన వెంట్రుకలు కనిపిస్తే అవి రాలడానికి సిద్ధమవుతున్న పాత జుట్టు. అయిదు నిమిషాల ఈ పరీక్ష రెండో ఆపరేషన్ నిర్ణయాన్ని మార్చేయగలదు, అయినా కౌన్సెలింగ్ పేరుతో జరిగే చాలా సంభాషణల్లో ఇది లేకుండానే గ్రాఫ్ట్‌ల సంఖ్య తేలిపోతుంది.

‘చాలలేదు’ అన్న మాట వెనుక ఉండే కారణాలు

సమయం చాలకపోవడం ఒక కారణం, దాని సంగతి చెప్పుకున్నాం. మిగిలినవి ఇంతకంటే చిక్కుగా ఉంటాయి.

మొదటిది, ప్రణాళికే తక్కువ. 2,000 గ్రాఫ్ట్‌లను 100 చదరపు సెంటీమీటర్ల మీద పరిస్తే చదరపు సెంటీమీటరుకు 20 పడతాయి. అన్నీ బతికినా అది పలచగానే ఉంటుంది. ఇక్కడ పనితనంలో తప్పు లేదు, విస్తీర్ణానికి సరిపడా సరుకు లేదు. రెండో విడత బాగా ఫలించే సందర్భం ఇదే.

రెండోది, గ్రాఫ్ట్‌లు బతకలేదు. మంచి చేతుల్లో తొంభై శాతం, అంతకు పైగా మొలుస్తాయని సాధారణ అంచనా. తీసేటప్పుడు పంచ్ కుదురును కోసినా, నాటేటప్పుడు ఫోర్సెప్స్ నలిపినా, శరీరం బయట గంటల తరబడి ఉండి ఆరిపోయినా ఆ శాతం పడిపోతుంది. రోగి వైపు నుంచి పొగతాగడం ఒక కారణం. కొందరిలో అసలు జుట్టు రాలడానికి కారణం వంశపారంపర్య బట్టతల కాకుండా, లైకెన్ ప్లానోపైలారిస్ వంటి కుదుళ్లను మచ్చకట్టించే జబ్బు అయి ఉంటుంది. అది చురుగ్గా ఉన్న చర్మంలో ఎన్ని నాటినా నిలవవు, చర్మం ముక్క తీసి బయాప్సీ చేస్తే అది నిర్ధారణ అవుతుంది. మొదటిసారి ఎందుకు మొలవలేదో తేల్చకుండా అదే చోట అదే చేతులతో రెండోసారి నాటించుకోవడం, మిగిలిన కొద్ది గ్రాఫ్ట్‌లనూ పణంగా పెట్టడమే.

మూడోది నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా, అన్నిటికంటే తక్కువగా అర్థమైనదిగా కనిపిస్తుంది. నాటినవన్నీ మొలిచాయి, కానీ వాటి మధ్య ఉన్న పాత జుట్టు రాలిపోయింది. ఒక 29 ఏళ్ల వ్యక్తికి నడినెత్తిన చదరపు సెంటీమీటరుకు 30 యూనిట్లు మిగిలి ఉన్నాయనుకుందాం. వాటి మధ్య 20 గ్రాఫ్ట్‌లు నాటారు. 50 అవుతుందని ఆశ. ఏడాదిన్నరలో పాతవి 30 నుంచి 12కు తగ్గాయి. ఇప్పుడు అక్కడ ఉన్నవి 32. ఒక్క గ్రాఫ్ట్ కూడా పోలేదు, ఆపరేషన్ నూటికి నూరు శాతం విజయం. అయినా తల ఆపరేషన్‌కు ముందు ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది. ఆయన దృష్టిలో డబ్బు వృథా. మరో 20 నాటిస్తే 52 అవుతుంది, మిగిలిన ఆ 12 కూడా పోయాక 40కి దిగుతుంది. పోతున్న జుట్టును నిలబెట్టే ప్రయత్నం లేకుండా నాటుకుంటూ పోతే డోనర్ ఏరియా, అంటే గ్రాఫ్ట్‌లు తీసే తల వెనుక భాగం, ఖాళీ అవుతుంది, ముందున్న లోటు అలాగే ఉంటుంది.

నాలుగోది, లోటు ఒత్తులో కాదు, తీరులో ఉంటుంది. నుదుటి అంచును స్కేలుతో గీసినట్టు తిన్నగా పెట్టినా, కణతల దగ్గర గుండ్రంగా మూసేసినా, వెంట్రుక ముందుకు వాలాల్సింది నిటారుగా నిలబడినా, అంచులోనే మూడు నాలుగు వెంట్రుకల గ్రాఫ్ట్‌లు నాటినా, చూసేవారికి ఏదో తేడాగా ఉందని అనిపిస్తుంది. దానికి చాలామంది వాడే మాట ‘పలచగా ఉంది’. అక్కడ ఇంకా ఒత్తు పెంచితే తప్పు ఇంకా స్పష్టమవుతుంది. వాటిని తీసి వేరే చోట నాటడం, లేదా అంచు ముందు ఒంటి వెంట్రుకలతో మృదువైన గీతను కలపడం అక్కడ చేసే పని.

ఇంకొక సందర్భాన్ని కొంచెం జాగ్రత్తగా ప్రస్తావించాలి. ఫలితం బాగున్నా, చుట్టూ ఉన్నవారెవరికీ లోపం కనిపించకపోయినా, రోజులో గంటలు అద్దం ముందే గడిచిపోతూ, మనిషి బయటికి రావడానికి వెనకాడుతూ ఉంటే, అది శరీరాకృతి గురించిన తీవ్రమైన ఆందోళన కావచ్చు. మానసిక వైద్యంలో గుర్తింపు ఉన్న సమస్య అది. దాన్ని గుర్తించిన సర్జన్లు రెండో ఆపరేషన్‌కు ఒప్పుకోరు, ఎందుకంటే ఆ తరువాత అసంతృప్తి మరో చోటికి మారుతుందే తప్ప తగ్గదు.

మందుల చుట్టూ ఉన్న వాదన

తల వెనుక జుట్టు మగ హార్మోన్ డీహెచ్‌టీ ప్రభావానికి అంతగా లొంగదు. ముందుకు తెచ్చి నాటినా ఆ గుణాన్ని నిలుపుకుంటుంది. అమెరికా వైద్యుడు నార్మన్ ఒరెంట్రీక్ 1959లో ప్రచురించిన ఈ పరిశీలన మీదనే జుట్టు మార్పిడి నిలబడి ఉంది. ఆ గుణం నాటిన జుట్టుకే ఉంది, పక్కనున్న పాత జుట్టుకు లేదు. పాతదాన్ని కాపాడేందుకు ఎక్కువగా వాడేవి రెండు: పైపూతగా మినాక్సిడిల్, మాత్రగా రోజుకు ఒక మిల్లీగ్రాము ఫినాస్టరైడ్. పురుషుల బట్టతలకు అమెరికాలో మొదటిదానికి 1988లో, రెండోదానికి 1997లో అనుమతి లభించింది.

చాలామంది సర్జన్లు రెండో విడతకు ముందు కనీసం ఏడాది మందులు వాడి చూడమంటారు. వారి తర్కం బలమైనదే. పైన చెప్పిన ఉదాహరణలో 30 యూనిట్లు 12కు పడిపోకుండా 28 దగ్గర ఆగి ఉంటే, 20 గ్రాఫ్ట్‌లతో 48 ఉండేది. రెండో ఆపరేషన్ మాటే వచ్చేది కాదు. సన్నబడిన వెంట్రుక కొంత లావెక్కినా ప్రభావం పెద్దదే: 50 మైక్రాన్ల నుంచి 60కి పెరిగితే దాని పరిమాణం 44 శాతం పెరుగుతుంది.

మందులకు వెనకాడేవారి భయాన్నీ కొట్టిపారేయలేం. ఫినాస్టరైడ్ అనుమతికి ఆధారమైన పరీక్షల్లో లైంగిక దుష్ప్రభావాలు మందు వాడినవారిలో 3.8 శాతం మందికి, ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 2.1 శాతం మందికి వచ్చాయి. ఆత్మహత్య ఆలోచనలు ఈ మాత్రల దుష్ప్రభావాల్లో ఒకటని యూరప్ ఔషధ సంస్థ 2025లో నిర్ధారించింది. శాతం చిన్నదే కావచ్చు, ఆ శాతంలో పడినవారికి అది చిన్నది కాదు. మానేస్తే నిలబడిన జుట్టు సుమారు ఏడాదిలో తిరిగి పోతుంది కాబట్టి, ఇది దీర్ఘకాలం కట్టుబడవలసిన మందు కూడా. ప్రోస్టేట్ పరీక్షలో చూసే పీఎస్‌ఏ విలువను ఇది దాదాపు సగానికి తగ్గిస్తుంది, ఆ సంగతి పరీక్ష చేసే వైద్యుడికి తెలియకపోతే నివేదిక తప్పుదారి పట్టిస్తుంది. మందు వద్దనుకునే హక్కు అందరికీ ఉంది. అయితే ఆ నిర్ణయం తీసుకున్నప్పుడు, భవిష్యత్తులో ఖాళీ అయ్యే చోటు మొత్తానికీ సరిపడా గ్రాఫ్ట్‌లు మిగుల్చుకోవాలన్న లెక్క మరింత కఠినమవుతుంది.

ఒకేసారి దట్టంగా నాటాలా, విడతలుగానా

సర్జన్లలోనే ఇక్కడ రెండు వర్గాలున్నాయి. చదరపు సెంటీమీటరుకు 50, అంతకంటే ఎక్కువ ఒకేసారి నాటి, ఒక్క ఆపరేషన్‌తో పని ముగించాలన్నది ఒక వాదన. రెండుసార్లు మత్తు, రెండుసార్లు సెలవు, రెండుసార్లు ఖర్చు తప్పుతాయి; తాకని చర్మంలో రక్తప్రసరణ కూడా మెరుగ్గా ఉంటుంది. అంత దగ్గరగా రంధ్రాలు పెడితే అదే రక్తప్రసరణ దెబ్బతిని గ్రాఫ్ట్‌లు బతికే శాతం తగ్గవచ్చని, 30–40తో మొదలుపెట్టి, ఏడాది తరువాత అవసరమైన చోట మాత్రమే చేర్చడం క్షేమమని రెండో వాదన. నైపుణ్యమున్న బృందాలు ఎక్కువ ఒత్తుతోనూ మంచి ఫలితాలు తెచ్చిన సందర్భాలున్నాయి కాబట్టి, ఇది సూత్రం కంటే చేసే చేతుల మీద ఆధారపడిన విషయంగా చూడటం సమంజసం.

రెండో విడతకు తనదైన ఇబ్బందులున్నాయి. చర్మం లోపల సన్నని మచ్చలు ఏర్పడి ఉంటాయి. ఇప్పటికే మొలిచిన వెంట్రుకల మధ్య రంధ్రం చేసేటప్పుడు వాటి కుదుళ్లు తెగే ప్రమాదం ఉంది. తాత్కాలికమైనా షాక్ లాస్ మళ్లీ రావచ్చు. పైగా ప్రతిఫలం తగ్గుతూ పోతుంది. ఖాళీ చోటులో సున్నా నుంచి 30కి వెళ్లినప్పుడు మనిషి ముఖమే మారినట్టు ఉంటుంది. 30 నుంచి 40కి వెళితే తేడా తెలుస్తుంది. 45 నుంచి 55కి వెళితే ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప చాలామందికి తెలియదు. 60 చదరపు సెంటీమీటర్ల ముందు భాగంలో ఒత్తును చదరపు సెంటీమీటరుకు పది చొప్పున పెంచే ప్రతి మెట్టుకూ 600 గ్రాఫ్ట్‌లు కావాలి, ఎక్కిన మెట్టు ఏదైనా ధర అదే.

ఈ 600 ఎక్కడి నుంచి వస్తాయన్నది వయసును బట్టి మారే ప్రశ్న. 45 ఏళ్లు దాటి, పదేళ్లుగా బట్టతల ఒకే చోట ఆగి, తల వెనుక ఇంకా ఒత్తుగా ఉన్న వ్యక్తి ముందు భాగానికి 600 కలుపుకుంటే పోయేదేమీ లేదు. 27 ఏళ్లకే 2,800 గ్రాఫ్ట్‌లు వాడి, తండ్రికీ మేనమామలకూ నడినెత్తి దాకా బట్టతల ఉన్న వ్యక్తి విషయం వేరు. ఆయన మొత్తం వనరు 6,000 అనుకుంటే 3,200 మిగిలాయి. నలభై ఏళ్ల నాటికి వెనుక 140 చదరపు సెంటీమీటర్లు ఖాళీ అయితే, ఆ 3,200తో చదరపు సెంటీమీటరుకు దాదాపు 23 వేయవచ్చు. ఇప్పుడు ముందు భాగానికి 800 ఖర్చు పెడితే అప్పటికి 17 మాత్రమే వస్తాయి. ముందు దట్టంగా, వెనుక దీవిలా ఖాళీగా ఉండే తల పూర్తి బట్టతల కంటే అసహజంగా కనిపిస్తుంది. ఆ కుర్రవాడి వాదననూ వినాలి: పెళ్లి, ఉద్యోగం, ఆత్మవిశ్వాసం అన్నీ ముడిపడి ఉన్నది ఈ పదేళ్లతోనే, నలభై ఏళ్లు దాటాక ఎలా ఉంటే ఏమిటని ఆయన అనవచ్చు. ఆ ఎంపిక ఆయనదే, రెండు అంకెలూ ముందే తెలిసి ఉంటే.

తల వెనుక మిగిలేది, గుండు చేయించుకుంటే బయటపడేది

సగం పోయేదాకా తెలియదన్న సూత్రం తల వెనుక భాగానికీ వర్తిస్తుంది. ఎఫ్‌యూఈలో గ్రాఫ్ట్‌లను అక్కడక్కడా విడిచిపెడుతూ ఏరుతారు కాబట్టి మొదటి విడత తరువాత తేడా తెలియకపోవచ్చు. రెండు, మూడు విడతల తరువాత, ముఖ్యంగా హడావిడిగా ఒకే చోట ఎక్కువ ఏరితే, వెనుక చెదపురుగు తిన్నట్టు మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది. సురక్షిత పరిధి దాటి మెడ దగ్గరి నుంచో, సుడికి ఆనుకునో తీసిన గ్రాఫ్ట్‌లు తరువాత రాలిపోయే అవకాశం కూడా ఉంది. కొందరిలో తల వెనుక జుట్టు కూడా సన్నబడుతూ ఉంటుంది. వారికి మొదటి విడతే సందేహాస్పదం.

తిరుమలలో తలనీలాలు సమర్పించే మొక్కులూ, తల్లిదండ్రులు పోయినప్పుడు శిరోముండనాలూ ఉన్న తెలుగు ఇళ్లలో దీనికి అదనపు ప్రాధాన్యం ఉంది. గాయాలు పూర్తిగా మానాక గుండు చేయించుకుంటే నాటిన జుట్టుకు హాని లేదు, ఎందుకంటే కత్తి చర్మం పైనున్న కాడనే తీస్తుంది, కుదురు లోపలే ఉంటుంది. బయటపడేది వెనుక భాగం. ఎఫ్‌యూటీ అయితే చెవి నుంచి చెవికి ఒక గీత కనిపిస్తుంది, జుట్టు ఒకటి రెండు సెంటీమీటర్లు పెరిగితే అది కప్పుకుపోతుంది. ఎఫ్‌యూఈ అయితే తెల్లని చుక్కలు, రెండో విడత తరువాత వాటి సంఖ్య పెరుగుతుంది. చామనచాయ చర్మంలో ఈ తెల్లచుక్కలు మరీ స్పష్టంగా ఉంటాయి.

డోనర్ ఏరియాలో ఇక తీయడానికి లేనివారికీ, తీయడం ఇష్టంలేనివారికీ వేరే మార్గాలు కొన్ని ఉన్నాయి. గడ్డం వెంట్రుక లావుగా ఉంటుంది కాబట్టి నడినెత్తిన, సుడి దగ్గర తల జుట్టుతో కలిపి నాటితే నిండుదనాన్నిస్తుంది; నుదుటి అంచున మాత్రం దాని మోటుదనం పట్టిస్తుంది. మాడు మీద వెంట్రుక మొదళ్లలాంటి చుక్కలు పొడిచే స్కాల్ప్ మైక్రోపిగ్మెంటేషన్ వెంట్రుకను ఇవ్వదు గానీ, జుట్టుకూ చర్మానికీ మధ్య రంగు తేడాను తగ్గిస్తుంది, వెనుక మచ్చలనూ మరుగుపరుస్తుంది. కొన్నేళ్లకు రంగు వెలిసి మళ్లీ వేయించుకోవాలి. ఖాళీలను కప్పే కెరటిన్ పొడి చల్లుకోవడం రోజువారీ పని, వానలో పనికిరాదు, కానీ ఒక్క గ్రాఫ్ట్ కూడా ఖర్చు కాదు.

ఇన్నింటి తరువాత కూడా రెండో విడతే సరైనదని తేలితే, అది మొదటిదానికంటే తేలికైన ‘టచప్’ కాదు. మత్తుమందు మోతాదు, ఇన్ఫెక్షన్, రక్తపోటు వంటి జాగ్రత్తలన్నీ ఉన్న పూర్తి శస్త్రచికిత్సే. సౌందర్య శస్త్రచికిత్సలు, జుట్టు మార్పిడి చేసేవారికి పద్ధతి ప్రకారం శస్త్రచికిత్సలో శిక్షణ ఉండాలని, వర్క్‌షాపుల్లోనో యూట్యూబ్‌లోనో చూసి నేర్చుకున్నది చాలదని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. రెండో విడతలో పాత కుదుళ్ల మధ్య దారి చూసుకుంటూ నాటాలి కాబట్టి, రంధ్రాలు చేసేది డాక్టరా, టెక్నీషియనా అన్న ప్రశ్న మొదటిసారి కంటే ఇక్కడే ఎక్కువ బరువైనది.